సోమిద చెక్క కథ



వేపాకు, తులసి, పసుపు, శొంఠి, వాము వీటి గుణాలు నేను చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే అవుతుంది. ప్రతి ఇంట్లోనూ అమ్మమ్మల కాలం నుంచీ వస్తున్న వైద్యం అది. ఇవాళ నేను చెప్పబోయేది మన ఇళ్ళల్లో అంతగా వినపడని పేరు. సోమిద చెట్టు. కొందరు సోమి అంటారు. ఈ చెట్టు బెరడు ఒకప్పుడు మన కొండల నుంచి సముద్రాలు దాటి స్కాట్లండు దాకా వెళ్ళింది. అక్కడి పెద్ద వైద్యుల మందుల పుస్తకాల్లో చోటు సంపాదించింది. తర్వాత ఆ చోటు పోగొట్టుకుంది. ఎందుకు వెళ్ళింది, ఎందుకు పోగొట్టుకుంది అన్నది తెలుసుకుంటే, నాటుమందులను ఎంతవరకు నమ్మాలి, ఎక్కడ ఆగాలి అన్న సంగతి మనకు కొంత బోధపడుతుంది.

ముందు చెట్టును గుర్తుపడదాం. ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం వెళ్ళే దారిలో అడవి మొదలవుతుంది. టేకు, మద్ది, ఇప్ప, తునికి, చిల్ల చెట్లు పెరిగే అడవి. ఎండాకాలంలో ఆకు రాల్చే అడవి అన్నమాట. ఇటువంటి అడవుల్లో, రాతి నేలల్లో, గుట్టల వాలుల్లో సోమిద పెరుగుతుంది. వేప కుటుంబానికి చెందిన చెట్టు ఇది. మేజా బల్లలకు పేరుపడ్డ మహాగని కూడా దీనికి చుట్టమే. చిగురు ఎర్రగా, రాగిరంగులో వస్తుంది. పూలు చిన్నవి, గుత్తులు గుత్తులుగా పూస్తాయి. కాయ మాత్రం చూసితీరాలి. చెక్కలా గట్టిగా ఉండి, ఎండి పగిలినప్పుడు అయిదు రెక్కలుగా విచ్చుకుని కొయ్యతో చెక్కిన పువ్వులా కనిపిస్తుంది. లోపలి గింజలకు రెక్కలుంటాయి, గాలికి ఎగిరిపోతాయి. బెరడు కొడితే లోపల ఎర్రగా ఉంటుంది. నోట్లో వేసుకుంటే చేదూ, వగరూ రెండూ కలిసి నాలుక పట్టేస్తుంది. సంస్కృతంలో మాంసరోహిణి అని చెప్పే మూలిక ఇదేనని చాలామంది వైద్యులు అంటారు. పుండు మాని కొత్త కండ పట్టేట్టు చేసేది అని ఆ మాటకు అర్థం. హిందీవాళ్ళు రోహన్ అంటారు.

ఈ అడవికీ జ్వరానికీ ఉన్న సంబంధం చాలా పాతది. మన్యం జ్వరం అన్న మాట మీరు వినే ఉంటారు. వానలు వెనకబట్టి చలి మొదలయ్యే రోజుల్లో మన్యంలోకి అడుగుపెట్టిన మైదానంవాళ్ళు వణుకుతూ ఇంటికి తిరిగివచ్చేవాళ్ళు. చలిజ్వరం, విడిచి విడిచి వచ్చే జ్వరం, రోజు మార్చి రోజు వచ్చే జ్వరం అని మనవాళ్ళు దానికి ఎన్నో పేర్లు పెట్టారు. భద్రాచలం తాలూకా 1860లో నిజాం ప్రభుత్వం నుంచి ఇంగ్లీషువాళ్ళ చేతికి వచ్చింది. కొన్నాళ్ళు సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉండి 1874లో మద్రాసు రాజధానిలో కలిసింది. ఆ రోజుల్లోనే గోదావరి పైభాగంలో పడవలు నడపాలని దుమ్ముగూడెం దగ్గర ఆనకట్టా కాలువా తలపెట్టారు. 1871లో ఆ పథకం మానుకున్నారు. 1879లో రంప పితూరీ లేచి భద్రాచలం తాలూకాలోని రేకపల్లి దాకా పాకినప్పుడు, అణచడానికి వచ్చిన పటాలాలను తుపాకులకంటె జ్వరమే ఎక్కువ బాధపెట్టింది. కొత్తవాళ్ళ సంగతి ఇలా ఉంటే, ఆ గూడేల్లోనే పుట్టి పెరిగే కోయలు, కొండరెడ్ల సంగతి వేరే చెప్పాలా? చంటిపిల్లలూ, గర్భిణీ స్త్రీలూ అందరికంటె ఎక్కువగా నలిగిపోయేవాళ్ళు. అటువంటి చోట జ్వరానికి మందు వెతుక్కోవడం సరదా కోసం కాదు, ప్రాణం నిలుపుకోవడం కోసం. చేదుగా ఉన్న ప్రతి ఆకూ, ప్రతి బెరడూ మనవాళ్ళు రుచి చూశారు. నేలవేము, వేపచెక్క, గచ్చకాయ, తిప్పతీగ ఇవన్నీ అలా వచ్చినవే. సోమిద చెక్క కూడా ఆ వరుసలోదే.

ఇక్కడ కాస్త ప్రపంచం వైపు చూద్దాం. దక్షిణ అమెరికాలోని పెరూ దేశపు కొండల్లో సింకోనా అనే చెట్టు ఉంది. దాని బెరడు పొడి తాగిస్తే చలిజ్వరం తగ్గుతుందని 17వ శతాబ్దంలో యూరపువాళ్ళకు తెలిసింది. ఇక అప్పటినుంచి ఆ బెరడుకు గిరాకీ పెరిగింది. ఎక్కడెక్కడో సముద్రాలు దాటి రావాలి, ధర మండిపోయేది, పైగా కల్తీ. ఈస్టిండియా కంపెనీకి మన దేశంలో సిపాయిలున్నారు, గుమాస్తాలున్నారు, అందరికీ జ్వరాలే. ఆ బెరడుకు బదులు పనిచేసే చెట్టు మన దేశంలోనే దొరికితే ఎంత బాగుంటుంది అని కంపెనీ వైద్యులు వెతుకుతూ ఉండేవాళ్ళు.

అలా వెతికినవాళ్ళలో విలియం రాక్స్‌బరో ఒకరు. స్కాట్లండు దేశస్థుడు. ఎడింబరోలో చదువుకుని, 1776లో మద్రాసులో కంపెనీ వైద్యుడిగా చేరి, 1781 నుంచి మన సామర్లకోటలో ఉన్నారు. 1793లో కలకత్తా తోటకు అధికారిగా వెళ్ళేవరకు, పన్నెండేళ్ళపాటు సర్కారు జిల్లాల చెట్టూ చేమా అన్నీ పరిశీలించారు. మిరియాల తోటలు వేయించారు. మన చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు గీయించారు. మెచ్చుకోవలసిన సంగతి ఒకటుంది. ప్రతి మొక్కకూ తెలుగువాళ్ళు ఏమంటారో అడిగి, ఆ పేరు కూడా రాసుకునేవారు. సామర్లకోట, పెద్దాపురాలకు ఉత్తరంగా ఉన్న రాజమహేంద్రవరం సర్కారు కొండల్లో ఆయనకు ఈ సోమిద కనిపించింది. కొయ్య ఎర్రగా, మహా గట్టిగా ఉంటుందనీ, అన్నిటికంటె ఎక్కువకాలం మన్నే కొయ్య ఇదేనని ఇక్కడివాళ్ళ నమ్మకమనీ, గుళ్ళల్లో కొయ్యపనికి దీన్నే వాడతారనీ రాశారు. బెరడు జ్వరానికి పనికివస్తుందని తెలుసుకుని, దాన్ని పెరూ బెరడుతో పోల్చి పరీక్షలు చేశారు. 1790 దశకం మొదట్లో ఆ పరీక్షల సంగతి కంపెనీ పెద్దలకు నివేదించారు. 1795లో లండన్‌లో అచ్చు మొదలైన ఆయన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలో సోమిద బొమ్మ కూడా ఉంది.

బెరడు ముక్కలు ఎడింబరో చేరాయి. అక్కడ ఆండ్రూ డంకన్ అనే యువకుడు వైద్య పట్టం కోసం 1794లో రాసిన సిద్ధాంతవ్యాసానికి ఎన్నుకున్న విషయం ఏమిటనుకుంటున్నారు? మన సోమిదే! లాటిన్ భాషలో రాసిన ఆ వ్యాసం పేరులోనే సోమిద అన్న తెలుగు మాట ఉంది. 19వ శతాబ్దం తొలి సంవత్సరాల్లో ఎడింబరో, డబ్లిన్ నగరాల అధికారిక ఔషధ గ్రంథాల్లోకి ఈ బెరడు ఎక్కింది. 1830లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు అడ్రియన్ ద జుస్యూ ఈ చెట్టును మహాగని నుంచి విడదీసి, దానికి ప్రత్యేకంగా ఒక జాతి ఏర్పాటు చేసినప్పుడు ఆ జాతికి సోయ్‌మిడా అనే పేరు పెట్టారు. ఇవాళ ప్రపంచంలో ఏ దేశపు వృక్షశాస్త్రజ్ఞుడైనా ఈ చెట్టును సోయ్‌మిడా ఫెబ్రిఫ్యూగా అనే పిలుస్తాడు. మొదటి మాట మన తెలుగు. రెండో మాటకు జ్వరాన్ని తరిమేది అని అర్థం.

పేరైతే నిలిచింది. మరి ఆ గుణం నిలిచిందా?

1820లో పారిస్‌లో పెల్తియే, కవంతూ అనే ఇద్దరు కలిసి సింకోనా బెరడులో నుంచి క్వినైన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. జ్వరాన్ని కట్టేది ఆ పదార్థమేనని తేలింది. అప్పటినుంచి మందు అంటే గుప్పెడు పొడి మింగడం కాదు, తూచి ఇచ్చే చిన్న మోతాదు. అటువంటి పదార్థం సోమిదలో దొరకలేదు. దొరికినవి వగరుగా ఉండే టానిన్లూ, వేపలో ఉండే రకం చేదు పదార్థాలూ. మన దేశంలో పనిచేసిన డాక్టర్లు రోగులకు ఇచ్చి చూశారు. 1868లో వెలువడిన భారత ఔషధ గ్రంథంలో కూడా సోమిద ఉంది. కాని వాళ్ళ అనుభవసారం ఏమంటే, జ్వరం వదిలాక వచ్చే నీరసానికీ, ముదిరిన విరేచనాలకూ, జిగటవిరేచనాలకూ ఈ చెక్క బాగానే ఉపయోగపడుతుంది. నోటిపూతకు, వదులైన చిగుళ్ళకు కషాయం పుక్కిలించవచ్చు. ఆ దేశాల్లో ఓక్ చెట్టు బెరడు ఎందుకు వాడతారో దానికి బదులు ఇది సరిపోతుంది. చలిజ్వరానికి మాత్రం క్వినైన్‌తో సాటి రాదు. మోతాదు మించితే తల తిరుగుతుంది, మగత కమ్ముతుంది. ఈలోగా నీలగిరుల్లోనూ డార్జిలింగు కొండల్లోనూ ప్రభుత్వం సింకోనా తోటలు వేసింది. 1892 నుంచి బెంగాలులో పోస్టాఫీసుల్లో పైసా పొట్లాలుగా క్వినైన్ అమ్మారు. సోమిద పెద్ద పుస్తకాల్లోంచి దిగి మళ్ళీ అడవికి వచ్చేసింది.

అయితే మన పెద్దవాళ్ళు అబద్ధం చెప్పారా? లేదు, అమ్మా. ఇక్కడే జాగ్రత్తగా ఆలోచించాలి. మలేరియా జ్వరం తీరు చూడండి. ఇవాళ వస్తుంది, వణికిస్తుంది, చెమట పట్టి దిగిపోతుంది. రేపు మనిషి లేచి తిరుగుతాడు. ఎల్లుండి మళ్ళీ వస్తుంది. కొన్నాళ్ళకు ఒంట్లో శక్తి కూడుకుని తనంతట తానే ఆగిపోవడమూ కద్దు. మధ్యలో తాగించిన కషాయం ఏదైనా సరే, జ్వరం దిగిన గౌరవం దానికే దక్కుతుంది. తిరగబెట్టినప్పుడు ఇది వేరే జ్వరం అనుకుంటాం. ఒక ఇంట్లో ఒకరిద్దరిని చూసి ఈ తేడా కనిపెట్టడం ఎవరికైనా కష్టమే. పెద్ద చదువులు చదివిన ఎడింబరో వైద్యులే కొన్నేళ్ళు నమ్మారంటే మన గూడెంలోని వడ్డెను తప్పుపట్టడం న్యాయమా? పైగా వాళ్ళు చెప్పినదాంట్లో నిజం బాగానే ఉంది. వగరు పదార్థం పేగుల్ని బిగిస్తుంది, పుండు మీద పొరలా పడుతుంది. అందుకే విరేచనాలకూ, పుళ్ళకూ, నోటిపూతకూ పనిచేసింది. మాంసరోహిణి అని పేరు పెట్టిన మహానుభావుడెవరో కళ్ళు తెరిచి చూసే పెట్టాడు.

జ్వరం అసలు గుట్టు బయటపడిందీ మన నేల మీదే. 1897 ఆగస్టు 20న సికిందరాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశారు. ఆయన పనిచేసిన భవనం ఇప్పటికీ బేగంపేటలో ఉంది. అంతవరకు చెడుగాలి వల్ల జ్వరం వస్తుందనుకున్న ప్రపంచానికి దోమ వల్ల వస్తుందని తెలిసింది. స్వతంత్రం వచ్చాక 1953లో జాతీయ మలేరియా నివారణ పథకం మొదలైంది. ఇంటింటికీ డి.డి.టి. కొట్టారు. 1965 నాటికి దేశం మొత్తం మీద కేసులు లక్ష దాకా దిగాయి. గెలిచామనుకుని ఏమరుపాటుగా ఉండేసరికి 1976లో 64 లక్షలకు ఎగబాకాయి. ఆ దెబ్బ ఎక్కువగా తగిలింది అడవి ప్రాంతాలకే. భద్రాచలం ఏజెన్సీ అప్పటికి ఖమ్మం జిల్లాలో ఉంది. 1953లో ఏర్పడిన ఆ జిల్లాలో 1959లో భద్రాచలం, నూగూరు తాలూకాలు కలిపారు. 2014లో కొన్ని మండలాలు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్ళాయి, 2016లో భద్రాద్రి కొత్తగూడెం వేరే జిల్లా అయింది. దోమకు ఈ సరిహద్దులతో పనిలేదు కదా!

మూలికలన్నీ సోమిదలాగే వెనక్కి వచ్చేశాయా అంటే అదీ లేదు. చైనాలో మాచిపత్రి జాతికి చెందిన ఒక మొక్క ఉంది. దాన్ని నీళ్ళల్లో నానబెట్టి, పిండి, ఆ రసం తాగితే విడిచి విడిచి వచ్చే జ్వరం పోతుందని 4వ శతాబ్దం నాటి పుస్తకంలో ఉంది. 1967లో అక్కడి ప్రభుత్వం మలేరియా మందు వెతికే పని మొదలుపెట్టింది. తూ యూయూ అనే శాస్త్రవేత్త, ఆవిడ ఒక ఇల్లాలు, ఇద్దరు ఆడపిల్లల తల్లి, ఆ పాత మాట చదివి ఆలోచనలో పడింది. కాచమని చెప్పలేదే, పిండమని కదా ఉంది, వేడి తగిలితే గుణం పోతుందేమో అనుకుంది. 1971లో తక్కువ వేడి మీద సారం తీసింది. పనిచేసింది. ఆ మందు పేరు ఆర్టెమిసినిన్. 2015లో ఆవిడకు నోబెల్ బహుమతి వచ్చింది. ఇవాళ మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ముదురు మలేరియాకు ఇచ్చే మాత్రల్లో ఉండేది ఆ మొక్క నుంచి వచ్చిన మందే.

ఈ రెండు కథలూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. రెండూ పేదల మూలికలే. రెండింటినీ పరీక్షకు పెట్టారు. ఒకటి నెగ్గింది, ఇంకొకటి జ్వరం విషయంలో ఓడి, పుండు విషయంలో కొంత నెగ్గింది. ఏది ఎందులో నెగ్గుతుందో రుచి చూసి చెప్పలేం. చేదుగా ఉంటే జ్వరం పోతుందన్న లెక్క అన్నిసార్లూ కుదరదు.

సోమిద మీద పరిశోధన ఆగిపోలేదు. ఇటీవలి సంవత్సరాల్లో మన దేశపు పరిశోధకులే ఈ చెట్టు నుంచి మిథైల్ ఆంగొలెన్సేట్ అనే పదార్థం తీసి రక్తక్యాన్సరు కణాల మీద పరీక్షించారు. బెరడు సారానికి కొన్ని సూక్ష్మక్రిములను అణిచే గుణమూ కనిపించింది. ఇవి ఆశ కలిగించేవే. కాని ఇవన్నీ గాజుపాత్రలో చేసిన పరీక్షలు. మనిషి ఒంట్లో పనిచేస్తుందని తేలడానికి చాలా దూరం ఉంది. ఎవరైనా సోమిద పొడి క్యాన్సరుకు మందు అని అమ్మజూపితే మీ డబ్బు మీ కొంగున ముడివేసుకుని ఇంటికి రండి.

ఇప్పుడు మనం చేయవలసినవి నాలుగు మాటలు చెబుతాను.

చలి పుట్టి జ్వరం వచ్చిందంటే, మన్యంలో ఉన్నా, మన్యానికి వెళ్ళివచ్చినా, ముందు రక్తపరీక్ష. ఊళ్ళో ఆశ కార్యకర్త దగ్గర చిన్న పట్టీతో చేసే పరీక్ష ఉంటుంది. వేలి మీద ఒక చుక్క చాలు, పావుగంటలో తెలిసిపోతుంది. మందూ ఉచితమే. కషాయం తాగి రెండురోజులు చూద్దాం అనుకోవద్దు. ఒక రకం మలేరియా ఆ రెండురోజుల్లోనే మెదడుకు ఎక్కి ప్రాణం తీస్తుంది. చంటిపిల్లలకూ గర్భిణులకూ ఇంకా ప్రమాదం.

ఇంకో రకం మలేరియా క్రిమి కాలేయంలో దాక్కుని నెలల తర్వాత తిరగబెడుతుంది. దానికి 14 రోజులు మాత్రలు వాడమంటారు. మూడోనాటికి జ్వరం దిగింది కదా అని మానేస్తే లోపలిది లోపలే ఉంటుంది. గర్భిణులకు ఆ మాత్ర ఇవ్వరు, కాబట్టి గర్భం సంగతి డాక్టరుకు దాచకుండా చెప్పాలి.

సోమిద కషాయం నోటిపూతకు పుక్కిలించడం, చిన్న పుండు కడుక్కోవడం వరకు పెద్దవాళ్ళ వాడుక ఉన్నచోట వాడుకోండి. లోపలికి తాగే పని మాత్రం తెలిసిన వైద్యుడు చెబితే తప్ప వద్దు. గర్భిణులూ, పాలిచ్చే తల్లులూ అసలే వద్దు. పిల్లలకు విరేచనాలైతే ముందు ఉప్పూ చక్కెర కలిపిన నీళ్ళు పట్టండి.

చివరిది చెట్టు మాట. బెరడు కోసం చెట్టు చుట్టూ వలయంలా చెక్కేస్తే ఎంత పెద్ద చెట్టయినా ఎండిపోతుంది. ఆకులు చేసిన ఆహారం వేళ్ళకు దిగేది ఆ బెరడులోనుంచే. సోమిద నిదానంగా పెరిగే చెట్టు. ఒకపక్కన సన్నని పట్టీలాగా తీసుకుని వదిలేస్తే గాయం మానుతుంది. ఈ పద్ధతి తెలిసినవాళ్ళు గూడేల్లో ఉన్నారు. పట్నం నుంచి గొడ్డలితో వచ్చే వ్యాపారికి అది అక్కరలేదు.

ఒక్క మాట మనసులో మిగిలిపోయింది. రాక్స్‌బరో పేరు పుస్తకాల్లో ఉంది. డంకన్ పేరుంది, జుస్యూ పేరుంది. ఈ చెక్క జ్వరానికి వాడతామయ్యా అని రాజమహేంద్రవరం సర్కారు కొండల్లో మొదట చెప్పిన మనిషి పేరు ఎక్కడా లేదు. అది మగమనిషో ఆడమనిషో కూడా తెలియదు. అటువంటి అన్యాయం మళ్ళీ జరగకూడదనే 2002లో జీవవైవిధ్య చట్టం చేశారు. ఊరివాళ్ళకు తెలిసిన మూలికలను ఊరి పేరుతోనే రిజిస్టరులో రాయాలనీ, వాటితో జరిగే వ్యాపారపు లాభాన్ని ఆ ఊరివాళ్ళతో పంచుకునే ఏర్పాటు ఉండాలనీ ఆ చట్టం ఉద్దేశం. 2006లో వచ్చిన అటవీహక్కుల చట్టం చిన్న అటవీ ఫలసాయం మీద గిరిజనులకు హక్కు ఇచ్చింది. మీ పంచాయతీలో ఆ రిజిస్టరు ఉందో లేదో అడగండి. ఉంటే, మీ అత్తగారికీ అమ్మమ్మకూ తెలిసిన మూలికలు అందులో ఎక్కాయో లేదో చూడండి. ఎక్కకపోతే, వాళ్ళు ఉండగానే అడిగి రాయించండి. ఏ చెట్టు, ఏ భాగం, ఎందుకు, ఎంత, ఎవరికి ఇవ్వకూడదు అన్న అయిదు సంగతులూ రాయాలి. ఇవ్వకూడదన్న మాట తప్పకుండా రాయాలి, ఎందుకంటే పొట్లం మీద దాన్ని ఎవరూ అచ్చువేయరు.

సెలవు.